చిన్నాయన డోజర్ చైన్: కదలడానికి పట్టిన 40 రోజులు

మా చిన్నాయన డోజర్, అంటే చక్రాలకు బదులు ఇనుప చైన్ల మీద నడుస్తూ మట్టి తోసే మిషన్, 2014 వానాకాలం నుంచి 2023 ఏప్రిల్ దాకా తాడిపత్రి దగ్గర మా చేని గట్టున, వేపచెట్టు కింద ఒకే చోట నిలబడి ఉంది. బీఈఎంఎల్ కంపెనీ డి50 రకం. అది ఆయన సొంతంగా కొన్న ఒకే ఒక్క పెద్ద వస్తువు. బండల గనుల్లో పైమట్టి తోయడం, చేలు చదును చేయడం, చెరువు పూడిక తీయడం, ఇట్లా ఇరవై ఏళ్లు ఆ మిషనే ఆ ఇంటికి అన్నం పెట్టింది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చిన్నమ్మ మాత్రం ఆయుధ పూజ నాడు వెళ్లి బొట్టు పెట్టి వచ్చేది.

పాత ఇనుము కొనే మనిషి వచ్చి బ్లేడు మీద చెయ్యి వేసి, కిలో ఇంత అని ధర చెప్పి, గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసుకుని తీసుకుపోతానన్నాడు. చిన్నమ్మ ఆ రోజు నాకు ఫోన్ చేసి, "అబ్బీ, ముక్కలు చేస్తాడంట, నాకు మనసొప్పలేదు" అన్నది. నేను ట్రాక్టర్ నడుపుతాను, చిన్నా చితకా రిపేర్లు చేసుకుంటాను. డోజర్ పని నాకు తెలీదు. అయినా నడిపించి చూస్తానని మాటిచ్చాను.

ఇంజన్ కష్టం అనుకున్నాం, అది సులువుగానే అయిపోయింది. డీజిల్ ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, కొత్త బ్యాటరీలు పెడితే రెండో రోజు సాయంత్రం స్టార్ట్ అయింది. అసలు సమస్య గేరు వేశాక తెలిసింది. కుడి చైన్ పటపటమని చప్పుడు చేసుకుంటూ తిరిగింది. ఎడమ చైన్ అస్సలు తిరగలేదు. మిషన్ మొత్తం ఎడమ పక్కకు మెలి తిరిగి ఆగిపోయింది. దిగి చూస్తే, ఎడమ వైపు పైన చైన్ వంతెనలా లేచి నిలబడి ఉంది. ముందున్న ఐడ్లర్ అనే చక్రం చుట్టూ, వెనక చైన్‌ను తిప్పే స్ప్రాకెట్ పళ్ల చక్రం చుట్టూ వంగిన లింకులు వంగినట్టే బిగుసుకున్నాయి. కింద మట్టిలో ఉన్నవి చదునుగా బిగుసుకున్నాయి. వంగినవి చదునుగా రావు, చదునుగా ఉన్నవి వంగవు. ఇక చైన్ ఎట్లా తిరుగుతుంది?

అక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. జేసీబీ పిలిపించి, వైరు రోపు కట్టి లాగించాను. లాగితే అదే విడిపోతుందని మా బావ కూడా అన్నాడు. లాగిన రెండో సారికి టప్ టప్ మని రెండు షూ (చైన్ మీది ఇనుప పలక) బోల్టుల తలలు తెగి ఎగిరాయి. ఐడ్లర్ మీద నుంచి చైన్ పక్కకు జరిగింది. జేసీబీ నడిపే తమ్ముడే భయపడి, "అన్నా, ఇంక లాగితే లోపల ఫైనల్ డ్రైవ్ పళ్లు పోతాయి, నేను లాగను" అని రోపు విప్పేశాడు. అతనికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. చైన్‌కు ఇంజన్ బలం అందించే ఆ ఫైనల్ డ్రైవ్ పోయి ఉంటే ఆ మిషన్ నిజంగానే పాత ఇనుము అయిపోయేది.

చిన్నాయన దగ్గర ఒకప్పుడు పని చేసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. సాయిబుల మనిషి, నేను చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తాను. చూపు తగ్గి, పని మానేసి మనవళ్ల దగ్గర ఉంటున్నాడు. వెళ్లి చెప్పగానే చొక్కా వేసుకుని నా బండెక్కాడు. వచ్చి మిషన్ చుట్టూ తిరిగి, ఒక్కో లింకు దగ్గర గడారి పెట్టి మెల్లగా ఎత్తి చూస్తూ, వింటూ పోయాడు. కదలని ప్రతి జాయింటు మీద నా చేత సున్నంతో అంకె వేయించాడు. ఎడమ చైన్‌లో 14, కుడి చైన్‌లో 5 తేలాయి.

ఎందుకు బిగుసుకుంటుందో ఆయన చెప్పిన తీరు నాకు ఈ పనంతటికీ తాళంచెవి అయింది. చైన్‌లో ప్రతి జాయింటు దగ్గర ఒక పిన్ను, దాని మీద గొట్టంలాంటి ఒక బుష్షు ఉంటాయి. పిన్ను ఒక లింకు జతలో గట్టిగా దిగి ఉంటుంది. బుష్షు పక్క లింకు జతలో గట్టిగా దిగి ఉంటుంది. తిరిగేదల్లా బుష్షు లోపల పిన్ను ఒక్కటే. ఆ రెంటి మధ్య సందు వెంట్రుకంత. మా చైన్ రబ్బరు సీళ్లు, లోపల నూనె ఉండే రకం కాదు, పాత పొడి రకం. రోజూ తిరుగుతుంటే ఆ సందు నున్నగా ఉంటుంది. నిలిపేస్తే తేమ చేరి తుప్పు పడుతుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది కదా, ఉన్న కాస్త సందూ పూడిపోతుంది.

"మన జిల్లాలో వానలే లేవు కదా మామా, ఇంత తుప్పెట్లా?" అని అడిగాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే జిల్లా మాది. ఆయన కింద నల్లమట్టిని కాలితో చూపించాడు. నల్లరేగడి ఒక వాన తాగితే వారాల తరబడి తడి వదలదు. పైన ఎండి పగుళ్లిచ్చినా లోపల చెమ్మగానే ఉంటుంది. చైన్ సగం దాంట్లోనే దిగి ఉంది. పైగా గనుల్లో పని చేసినప్పుడు చేరిన బండల పొడి లింకుల మధ్య తడిసి, ఎండి, సిమెంటు వేసినట్టు గడ్డ కట్టింది.

మొదటి మూడు రోజులు మేం చేసింది శుభ్రం చేయడం ఒక్కటే. ఎండిన నల్లమట్టిని కొడితే రాయిలా ఉంటుంది, అందుకని రాత్రి తడి గోనె సంచులు కప్పి, పొద్దున మెత్తబడ్డాక గీకాం. బండల పొడిని మాత్రం ఉలి పెట్టి చిన్న సుత్తితో పెచ్చులు పెచ్చులుగా లేపాం. తర్వాత ట్యాంకరు నీళ్లు మోటారు పెట్టి కొట్టాం. ఆ శుభ్రం అయ్యాకే చిన్నాయన ఎప్పుడో ఒక షూ మీద వెల్డింగ్ పెట్టిన గుర్తు బయటపడింది. చిన్నమ్మ వచ్చి దాన్ని చేత్తో తడిమి చూసి వెళ్లింది.

తర్వాత చైన్ బిగువు వదలాలి. ఈ మిషన్లలో ఐడ్లర్‌ను ముందుకు తోసేది గ్రీజు నింపిన సిలిండరు. దాని వాల్వు విప్పితే గ్రీజు బయటికి వచ్చి చైన్ లూజవుతుంది. చూడ్డానికి చిన్న పనే గానీ ప్రాణం మీదికి తెచ్చే పని ఇదే. లోపల గ్రీజు ఎంత ఒత్తిడిలో ఉంటుందంటే, వాల్వు పూర్తిగా విప్పేస్తే అది తూటాలా వచ్చి ఒంట్లో దిగుతుంది. మామ నన్ను వాల్వుకు ఎదురుగా నిలబడనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టి, పానా పెట్టి ఒక్క చుట్టు మాత్రమే తిప్పనిచ్చాడు. గ్రీజు గట్టిపడిపోయి ఉంది, ఏమీ రాలేదు. మా బావ గ్యాస్ పెట్టి వేడి చేద్దామన్నాడు. మామ అంత కోపంగా మాట్లాడటం నేను అప్పుడే చూశాను. "మూసిన డబ్బాకు మంట పెడ్తావా? మనుషులు మిగలరు" అన్నాడు. ఆ ఒక్క చుట్టు మీదే వదిలేసి ఇళ్లకు పోయాం. పొద్దున వచ్చేసరికి నల్లటి గ్రీజు తాడులా బయటికి వేలాడుతోంది.

చైన్ విప్పాలంటే ముందు మాస్టర్ పిన్ను, అంటే చైన్ రెండు కొసలను కలిపే పిన్ను, దొరకాలి. మిగతా పిన్నులకు లేని చిన్న గుంట దాని కొసన ఉంటుంది. మామూలుగా దాన్ని ఐడ్లర్ ముందుకు తెచ్చుకుని కొడతారు. మాది తిరగదు కాబట్టి ఎక్కడుంటే అక్కడే కొట్టాలి. అదృష్టం కొద్దీ ముందు వంపులోనే దొరికింది. వెనక రైల్వే స్లీపర్ చెక్క దట్టించి, చైన్‌ను చైన్ బ్లాకుతో పైకి కట్టి, సమ్మెటతో కొట్టడం మొదలుపెట్టాం. పిన్ను ఊడినప్పుడు చైన్ ఒక్కసారిగా జారి కాళ్ల మీద పడుతుంది, కట్టకుండా కొట్టకూడదు.

ఇక్కడ నాకు దెబ్బ తగిలింది. తొందరపడి పిన్ను మీద నేరుగా సమ్మెట వేశాను. పిన్ను గట్టి ఉక్కు, సమ్మెట గట్టి ఉక్కు. చిన్న పెచ్చు లేచి నా ముంజేతిలో దిగింది. కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తాడిపత్రి పోయి తీయించుకుని, వచ్చేటప్పుడు అందరికీ కళ్లద్దాలు తెచ్చాను. ఆ తర్వాత మధ్యలో మెత్తటి ఇనుప కడ్డీ పెట్టే కొట్టాం. పిన్నును కాకుండా దాని చుట్టూ ఉన్న లింకు కన్నును (పిన్ను దిగిన రంధ్రాన్ని) వేడి చేస్తే కన్ను వ్యాకోచించి పట్టు వదులుతుంది. మూడోసారి వేడి చేశాక పిన్ను బయటికి జరిగింది.

మిషన్‌ను 50 టన్నుల జాకీలతో ఎత్తాం. నల్లమట్టిలో జాకీ దిగిపోతుంది కాబట్టి ముందు బండలు పరిచి, వాటి మీద స్లీపర్లు పేర్చి, ఆ పైన జాకీ పెట్టాం. ఎత్తిన ప్రతిసారీ బరువు చెక్కల మీదికి దించి గానీ ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. జేసీబీతో చైన్ పక్కకు లాగి, అడ్డంగా పడుకోబెట్టాం. టన్నుకు దగ్గరగా ఉంటుంది. విప్పినా అది పరుచుకోలేదు, విరిగిన కంకణంలా వంపు వంపుగానే పడి ఉంది.

అడ్డంగా పడుకోబెట్టడంలోనే ఉంది అసలు కిటుకు. అట్లా పెడితే పిన్నులన్నీ నిలువుగా నిలబడతాయి. పైనుంచి పోసిన నూనె దాని బరువుకు అదే సందులోకి దిగుతుంది. మిషన్‌కు ఉన్నప్పుడు ఎంత పోసినా పక్కల నుంచి కారిపోయేది. బిగుసుకున్న ప్రతి జాయింటు చుట్టూ నల్లమట్టి ముద్దతో చిన్న గట్టు కట్టాం, గుక్కెడు నూనె నిలిచేటట్టు. చైన్‌ను పాడు చేసిన మట్టే ఇప్పుడు నూనె పట్టే గిన్నె అయింది.

నూనె విషయంలో ఒక్కొక్కరు ఒక్కటి చెప్పారు. కిరోసిన్ అన్నారు, బ్రేకు ఆయిలు అన్నారు. మేం మామూలు జాయింట్లకు డీజిల్‌లో పాత ఇంజన్ ఆయిలు కలిపి పోశాం. మొండివాటికి ఆటోమేటిక్ గేరు బాక్సుల్లో వాడే ఏటీఎఫ్ ఆయిలు సగం, అసిటోన్ సగం కలిపి పోశాం. అసిటోన్ తుప్పు సందుల్లోకి చాలా పల్చగా పారుతుంది, తర్వాత అది ఆవిరైపోయి నూనె లోపల మిగులుతుంది. ఆ రెండూ కలవవు, ఊరికే విడిపోతుంటాయి, పోసేముందు ప్రతిసారీ సీసా బాగా గిలకొట్టాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. అది పోసిన చోట బీడీ కూడా వెలిగించనివ్వలేదు, గ్యాస్ కట్టర్‌ను ఇంట్లో పెట్టి తాళం వేశాను.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నెలు నింపడం. నాలుగు రోజులు ఒక పక్క, తర్వాత జేసీబీతో తిరగేసి నాలుగు రోజులు ఇంకో పక్క. మే నెల ఎండ 42 డిగ్రీలు. మధ్యాహ్నం ఆ ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది, రాత్రి చల్లబడేది. అట్లా వేడెక్కుతూ చల్లబడుతూ ఉంటే నూనె లోపలికి తాగుతుందని మామ నమ్మకం. నాకు ఆ ఎనిమిది రోజులూ టెన్షనే. చేతులు కట్టుకుని ఉండబుద్ధి కాదు. రోజూ సుత్తి పట్టుకుని పోయేవాణ్ని. "నూనెకు దోవ ఇయ్యి అల్లుడూ, నువ్వు పక్కకు జరుగు" అని సుత్తి లాక్కునేవాడు.

తొమ్మిదో రోజు వంపు లోపల జాకీ పెట్టి, ఒక కొస ట్రాక్టర్‌కు కట్టి, మెల్లగా తెరిచాం. 4వ అంకె జాయింటు దగ్గర కిర్రుమని చప్పుడైంది. వేలి మందం కూడా కదల్లేదు గానీ, ఆ సందు నుంచి జాజు కలిపిన నీళ్లలా ఎర్రటి తుప్పు నూనెతో కలిసి బయటికి ఊరింది. అది చూసిన నా సంతోషం నేను చెప్పలేను. వెంటనే ఇంకా తెరవబోయాను. మామ ఆపాడు. తెరిచినంత మళ్లీ మూయాలి, చైన్ బ్లాకుతో వెనక్కి లాగాలి, నూనె పోయాలి, మళ్లీ కాస్త తెరవాలి. ఒకే పక్కకు లాగితే తుప్పు పొడి ఒక మూలకు చేరి ఇంకా బిగుస్తుంది. ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటేనే పొడి బయటికి వస్తుంది, దాని చోటులోకి నూనె పోతుంది. ఊరేది ఎరుపు తగ్గి నల్లగా వచ్చేదాకా ఒక్కో జాయింటును ఆడించాం. ఒక్కోదానికి పూట పట్టింది, కొన్నిటికి రోజు.

14లో 11 ఇట్లా వచ్చాయి. మూడు రాలేదు. వాటి మట్టి గిన్నెలు తీసేసి, గుడ్డతో తుడిచి, ఎండలో రెండు రోజులు ఆరనిచ్చాక గ్యాస్ పెట్టాం. ఎర్రగా కాలనివ్వకూడదు. బుష్షు పైపొర గట్టిదనం ఎర్రగా కాలితే పోతుంది, తర్వాత స్ప్రాకెట్ పళ్ల మీద తొందరగా అరిగిపోతుంది. నీటి చుక్క వేస్తే చిటచిటలాడి ఎగిరిపోయేంత వేడి చాలు. రబ్బరు సీళ్లున్న చైన్ అయితే ఈ వేడి కూడా పెట్టకూడదు, సీళ్లు కాలిపోతాయి. ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సందులోకి దిగింది. వేడిగా ఉండగానే ఆడించాం. రెండు వదిలాయి. 11వ అంకెది మాత్రం మొండికేసింది.

అయితే ఇప్పుడు చైన్ చాపలా చుట్టుకుంటోంది. చుట్టి ట్రాలీలో వేసుకుని అనంతపురంలో పిన్నులు ఒత్తి తీసే ప్రెస్ ఉన్న షెడ్డుకు తీసుకుపోయాం. ఆ జాయింటు దగ్గర షూలు విప్పి ప్రెస్‌లో పెట్టారు. గేజీ 70 టన్నులు దాటినా కదల్లేదు. ఇంకొంచెం ఎక్కించగానే గనిలో తూటా పేలినట్టు చప్పుడై పిన్ను జరిగింది. బయటికి వచ్చాక చూస్తే పిన్ను మధ్యలో తుప్పు తినేసి గాడి పడి ఉంది. దాన్ని ఇంకెన్ని రోజులు నూనెలో నానబెట్టినా లాభం లేకపోయేది. కొత్త పిన్ను, కొత్త బుష్షు వేయించుకొచ్చాం.

కుడి చైన్ విప్పలేదు. ఐదే కాబట్టి మిషన్ మీద ఉండగానే పూటపూటకూ నూనె పోస్తూ, అడుగు ముందుకు, అడుగు వెనక్కు ఆడిస్తూ వదిలించాం.

ఎడమ చైన్ ఎక్కించి, మాస్టర్ పిన్ను కొట్టి, గ్రీజు పట్టించి బిగించాం. మరీ బిగించకూడదు. పైన ఐడ్లర్‌కు, దాని వెనక ఉన్న పై రోలర్‌కు మధ్య తిన్నని కర్ర పెట్టి చూస్తే చైన్ రెండు మూడు సెంటీమీటర్లు కిందికి కుంగి ఉండాలి. తెగిన షూ బోల్టులకు కొత్తవి వేశాం. ఒక్కో షూకు నాలుగు బోల్టులు, ఆరడుగుల పైపు తొడిగి బిగించాం. నాలుగు రోజుల తర్వాత మళ్లీ బిగించి చూస్తే కొన్ని పావు చుట్టు తిరిగాయి.

మొదటి రోజు నడిపేటప్పుడు మామ పక్కన నడుస్తూ వచ్చాడు. మొదటి గేరు, ముందుకు 50 అడుగులు, వెనక్కు 50 అడుగులు, మలుపులు వద్దన్నాడు. మలుపు తిప్పితే ఇంకా పూర్తిగా వదలని జాయింట్ల మీద పక్క బరువు పడుతుంది. పెన్నా ఇసుకలో నడిపితే మెత్తగా ఉంటుంది కదా అని ఎవరో అన్నారు. ఇసుక నూనెతో కలిస్తే సాన పెట్టినట్టు పిన్నులను తినేస్తుందని మామ ఒప్పుకోలేదు. మా చేని గట్టు పక్కన గట్టి నేల మీదే నడిపాం.

మొత్తం 40 రోజులు. జేసీబీ, ప్రెస్, పిన్ను, బోల్టులు, నూనెలు, గ్యాస్ అన్నీ కలిపి 52,000 రూపాయలు ఖర్చయింది. మామ డబ్బు తీసుకోలేదు. పండక్కి బట్టలు పెడితే తీసుకున్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం డోజర్ స్టార్ట్ చేసి చేని గట్టు చివరిదాకా నడుపుతాను. ఇంకో తొమ్మిదేళ్లు నిలబెట్టను. 9వ అంకె వేసిన జాయింటు ఇంకా కాస్త బిరుసుగానే ఉంది. స్ప్రాకెట్ మీదికి వచ్చినప్పుడల్లా టక్ మని ఎగిరి పడుతుంది. వానాకాలం దాకా నూనె పోస్తూ ఉండమన్నాడు మామ, పోస్తున్నాను. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని వింటుంది. నడిపేటప్పుడు ఆమె మిషన్ దగ్గరికి రాదు, చైన్ చూడదు. పోయిన వారం నేను మిషన్ ఆపి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, "ఆ టక్కు చప్పుడు పోయిన వారం కన్నా తగ్గింది గదరా అబ్బీ" అన్నది.